సైకిలు ధరలో డీజిల్ వాటా

ఇంధన ధరలు పెరిగితే జనం సైకిళ్లవైపు మళ్లుతారనీ, ఆ గిరాకీ వల్లనే వాటి ధరలు పెరుగుతాయనీ సైకిళ్ల ధరలపై వచ్చిన ఒక వ్యాసంలో రచయిత వాదించారు. గిరాకీ కంటే తయారీ, రవాణా ఖర్చులే ఇక్కడ ప్రధానమని నా అభిప్రాయం. 2021 జూన్‌లో హైదరాబాదులో లీటరు పెట్రోలు 100 రూపాయలు దాటినప్పుడు కూడా బైకు వదిలి సైకిలెక్కినవారు మా వీధిలో నాకు కనిపించలేదు.

మన దేశంలో సైకిళ్ల తయారీకి కేంద్రం పంజాబులోని లూధియానా. అక్కడి నుంచి హైదరాబాదు దాదాపు 1,900 కిలోమీటర్లు. డీజిల్ ధర పెరిగితే ఆ లారీ కిరాయి ప్రతి సైకిలు మీదా పడక తప్పదు. ఫ్రేములు, చక్రాలు, హ్యాండిళ్లు, పెడళ్లు విడివిడిగా వచ్చి దుకాణంలోనే బిగింపు జరుగుతుంది కాబట్టి ఒక్కో లారీలో ఎక్కువ సైకిళ్లు పడుతున్నాయి, లేకుంటే ఆ భారం ఇంకా ఎక్కువయ్యేది. పైగా టైర్లలో వాడే కృత్రిమ రబ్బరు, నైలాన్ దారం, కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసిపొడి ప్రధానంగా ముడిచమురు నుంచి వచ్చేవే, అందువల్ల కొత్త సైకిలు కొనని వారికి కూడా టైరు మార్చుకునే వేళ ఆ సెగ తగులుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కిరాయిల పెంపు ఆ ఊరటను మింగేయకముందే, కూలి పనులకు వెళ్లేవారు తొక్కే మామూలు నల్ల సైకిలు మీదనైనా ప్రభుత్వం పన్ను పూర్తిగా ఎత్తివేయాలి.