ఓపీ రద్దీకి మూలం ల్యాబ్‌లో ఉంది

ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో రద్దీ మాట ఎత్తగానే కౌంటర్లు పెంచుతామంటారు అధికారులు. దానివల్ల చీటీ పావుగంట ముందు చేతికొస్తుందేమో కానీ, రోగి ఇంటికి చేరే వేళ మారదు. డాక్టరు పదింటికి రక్తపరీక్ష రాస్తారు. ట్రే నిండేదాకా శాంపిళ్లు కలెక్షన్ గదిలోనే ఉంటాయి. అవి ల్యాబ్‌కు చేరేసరికి పన్నెండు, రిపోర్టు వచ్చేసరికి ఓపీ ముగింపు. ఆ రోగి మర్నాడు మళ్లీ వచ్చి కొత్తవాళ్లతో కలిసి వరుసలో నిలబడతాడు. రద్దీలో కొంత ఇలా ఆసుపత్రి చేతుల మీదుగానే తయారవుతోంది.

టొయోటా కర్మాగారాల్లో తైచి ఓనో తీర్చిదిద్దిన, పనిలో వృథాను తగ్గించే పద్ధతిని ఇప్పుడు ‘లీన్’ అంటున్నారు. ఒక పనికీ తర్వాతి పనికీ నడుమ ఎంతసేపు ఆగిపోతున్నామో లెక్కగట్టడం అందులో ముఖ్యమైన మెట్టు. రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంతో చేసే సీరం పరీక్షనే చూద్దాం. రక్తం గడ్డకట్టడానికి అరగంట, ట్యూబులను గిర్రున తిప్పి సీరాన్ని వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు, మామూలు బయోకెమిస్ట్రీ అయితే యంత్రంలో మరో ఇరవై నిమిషాలు. వెరసి గంట. నాలుగు గంటలు పట్టిందంటే మిగతా మూడూ ట్రేలోనో, సంతకం కోసం బల్లమీదో, రిపోర్టులు విభాగాలవారీగా వేరుచేయడంలోనో పోయినట్టే.

ట్రే నిండినా నిండకున్నా ఇరవై నిమిషాలకోసారి శాంపిళ్లు కదలాలి. అందుకు ఒక మనిషిని పెట్టి, అతనికి వేరే పని చెప్పకూడదు. సెంట్రిఫ్యూజ్ నిండాలని కూడా ఆగనక్కర్లేదు. ఎదురు గడిలో అంతే బరువున్న నీళ్ల ట్యూబు పెట్టి సగం లోడుతో తిప్పవచ్చు. తొందరపడి గడ్డకట్టకముందే తిప్పితే మాత్రం రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ పోగులు పరీక్ష యంత్రం సూదిలో ఇరుక్కుంటాయి, ఆదా చేసిన సమయం అక్కడే పోతుంది. అంతకన్నా ప్రమాదం, వేగం కోసం ట్యూబులకు ముందే పేర్లు అంటించి ఉంచుకోవడం. ఒకరి రక్తం మరొకరి పేరు మీదికి వెళ్లేది అలాగే. లేబుల్ వేయాల్సింది రక్తం తీశాక, రోగి ఎదుటే, పేరు అడిగి.

టెక్నీషియన్ కాసేపు ఖాళీగా కనిపిస్తే వృథా అనుకునే పర్యవేక్షకులున్నారు. రోగులు ఎప్పుడొస్తారో తెలియని చోట ఈ లెక్క తప్పు. సిబ్బంది నూటికి 80 వంతుల సమయం పనిలో ఉన్నప్పటి నిరీక్షణ, అది 90కి చేరితే రెట్టింపు దాటుతుంది. 95కి చేరితే దాదాపు అయిదింతలవుతుంది. ఇది క్యూల గణితం, ఎవరి అభిప్రాయమూ కాదు. మదురైలో 1976లో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రిలో ఒక సర్జన్‌కు రెండు బల్లలు వేస్తారు. ఒకదానిపై శస్త్రచికిత్స నడుస్తుండగా రెండోదానిపై తర్వాతి రోగిని సిద్ధంచేస్తారు. ఆ రెండో బల్ల అక్కడ దుబారా కాదు.

స్టోర్స్‌లో రెండు డబ్బాల పద్ధతి చాలు: ఒకటి వాడుతుంటే రెండోది నిల్వ. వార్డుకు వారానికి 20 పెట్టెల గ్లౌజులు ఖర్చయి, ఇండెంట్ (సరకు కోరే చీటీ) పెట్టిన రెండు వారాలకు సరకు వస్తుందనుకుంటే, ఆ 40కి సగం భద్రత కలిపి డబ్బాకు 60. మొదటిది ఖాళీ కాగానే అడుగునున్న కార్డు స్టోర్స్‌కు వెళుతుంది. సరకు మూడు నెలలకోసారి వచ్చేచోట ఇవే అంకెలు పెట్టుకుంటే, కార్డు వెళ్లాక నెల తిరక్కుండా కొరత వస్తుంది. పాముకాటు మందు, అడ్రినలిన్ వంటి వాటిని ఈ లెక్కలోకి తేనేకూడదు. నిల్వలు మరీ పలుచబడితే ఏమవుతుందో 2020లో మాస్కులు, పీపీఈ కిట్ల కోసం ప్రపంచమంతా వెతుక్కున్నప్పుడు చూశాం.

పరిశోధన విభాగాలకు సరిపడే సూత్రం వేరు. ఏడాదికి మూడు అధ్యయనాలు పూర్తిచేయగల విభాగం పన్నెండు చేపడితే ఒక్కోదానికి సగటున నాలుగేళ్లు పడుతుంది. ఆరింటితో ఆపితే రెండేళ్లు. అధ్యయనాలకు అనుమతిచ్చే నైతిక కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటే అదీ ఒక నిండని ట్రేయే. ద్రవాలు కొలిచే పైపెట్ల సరిచూపు (క్యాలిబ్రేషన్), ప్రయోగాల్లో వాడే బఫర్ ద్రావణాల తయారీ, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఏ శాంపిల్ ఏ అరలో ఉందన్న రిజిస్టర్ అందరికీ ఒకే తీరున ఉండాల్సిందే. ప్రయోగాన్ని మళ్లీ చేయడం, అనుకున్న ఫలితం రాకపోవడం వృథా ఖాతాలో పడవు. వాటినీ కోసేస్తామనే నిర్వాహకుడిని ల్యాబ్ గుమ్మం దగ్గరే ఆపాలి.

అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి ఈ లీన్ దారి పట్టినప్పుడు, దీనివల్ల ఎవరి ఉద్యోగమూ పోదని ముందే మాటిచ్చింది. ప్రమాదం పసిగట్టిన ఏ ఉద్యోగి అయినా పని ఆపేలా వీలు కల్పించింది. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం సలహాదారు సంస్థను నమ్ముకుని ఇదే పద్ధతిని పైనుంచి రుద్దింది. నర్సుల సంఘం తిరగబడింది, ఆ సంస్థతో ఒప్పందం 2015లో గడువుకు ముందే ముగిసింది. మన దగ్గర పైనుంచి సర్క్యులర్ దిగే అలవాటు ఎక్కువ కాబట్టి ఈ రెండో ఉదాహరణే మనకు దగ్గర.

అందుకే ఒక్క ఆసుపత్రిలో, ఒక్క ఓపీలో మొదలుపెట్టాలని సూచిస్తున్నాం. రక్తం తీసిన క్షణం నుంచి రిపోర్టు డాక్టరు చూసేదాకా పట్టే సమయాన్ని రెండు వారాలు రాసి, గోడమీద పెట్టాలి. ఆ పట్టికను సిస్టర్లు, టెక్నీషియన్లే నింపాలి. దాన్ని చూపించి ఖాళీ టెక్నీషియన్ పోస్టులను రద్దుచేయబోమని ఆరోగ్యశాఖ ఆ రెండు వారాలు మొదలవకముందే రాతపూర్వకంగా చెప్పాలి.