మూడు పనులు, రెండు చేతులు

రిషీకేశ్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఒంటికి పట్టిన చలి వదిలింది గానీ, ఎదురింటివాళ్ళు "గంగాస్నానం బాగా జరిగిందాండీ?" అని అడిగినప్పుడల్లా చెవులు వేడెక్కుతున్నాయి.

ప్యాకేజీ టూరు. మా బావమరిది బుక్ చేశాడు. కరపత్రంలో 'లక్ష్మణ ఝూలాపై ఆహ్లాదకరమైన నడక' అని ఉంది. 1930లో తెరిచిన ఆ వంతెన పాతబడిందని మూసేసి కొన్నేళ్ళయింది. అదేమిటయ్యా అంటే గైడు, "దూరం నుంచి నడుద్దాం సార్" అన్నాడు. దూరం నుంచి ఎలా నడుస్తారో నాకిప్పటికీ తెలీదు. 'యోగా పరిచయం' అంటే ఒక ఆశ్రమం గేటు ముందు బస్సు రెండు నిమిషాలు ఆపి, "ఇక్కడ నేర్పుతారు" అని వేలు చూపించడం. సరే, ఇవన్నీ వదిలేయండి. అసలు సంగతి త్రివేణీ ఘాట్‌లో జరిగింది.

లాగు వేసుకుని దిగుతానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "గంగలో లాగుతోనా? పంచె కట్టుకోండి" అంది. నాకు పంచె నిలవదు. దానికి విరుగుడుగా బావమరిది ప్రయాణానికి ముందే వెల్క్రో పంచె ఒకటి కొనిపెట్టాడు. చుట్టుకుని అతికించుకుంటే చాలట. జేబు కూడా ఉంది. "పెళ్ళిలో రోజంతా కట్టుకున్నాను, కదల్లేదు బావా" అన్నాడు. పెళ్ళి మండపంలో ప్రవాహం ఉండదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

మే నెల. పైన ఎండ మాడ్చేస్తోంది. కాలు పెట్టగానే వెన్నులోంచి ఏదో జివ్వున పైకి పాకింది. యోగా ఊరు కదా, కుండలినేమో అనుకున్నాను. కాదు, చలి. దేవప్రయాగ దగ్గర అలకనంద, భాగీరథి కలిసి గంగ అవుతాయి. ఆ మంచునీళ్ళు కొండల్లోంచి దొర్లుకుంటూ నేరుగా ఇక్కడికే వస్తాయి. మన గోదావరి రేవులో దిగినట్టు తీరిగ్గా దిగితే కుదరదు. అందుకే ఇనుప గొలుసులు పెట్టారు, పట్టుకుని మునగాలి. పట్టుకున్నాను. మొదటి మునక. శివా!

లేచేసరికి నడుం దగ్గర చర్రుమంది.

పంచె నన్ను వదిలి, గొడుగులా ఉబ్బి, జరీ అంచు ఎండకి మెరుస్తుండగా, ఏ తొందరా లేకుండా దిగువకి సాగిపోయింది. దిగువన పాతిక కిలోమీటర్లలో హరిద్వార్. మా ప్యాకేజీలో అది మర్నాటి కార్యక్రమం. జేబులో హోటల్ గది తాళంచెవి కూడా ఉంది. (దానికి 500 రూపాయలు కట్టించుకున్నారు. గంగార్పణం అన్నా వినలేదు.)

లోపల డ్రాయరు ఉంది. ఉందనే చెప్పాలి. కాకపోతే దాని ఎలాస్టిక్ నాకంటే ముందే రిటైరైంది. గంగమ్మ దాన్ని కూడా అడుగుతోంది. కాబట్టి ఎడమ చెయ్యి డ్రాయరుకి, కుడి చెయ్యి గొలుసుకి. సరిగ్గా అప్పుడే మెట్టు మీద ఒక పండాజీ ప్రత్యక్షమయ్యాడు.

"హాథ్ జోడియే!"

నేను జోడించలేదు.

"హాథ్ జోడియే, సంకల్ప్ హోగా!"

నా స్థానంలో ఉండి ఆలోచించండి. గొలుసు వదిలితే మనిషి హరిద్వార్ వెళ్తాడు. డ్రాయరు వదిలితే మర్యాద హరిద్వార్ వెళ్తుంది. చేతులు జోడించకపోతే పుణ్యం రాదని పైనుంచి కేకలు. నాకొచ్చిన హిందీలో "పంచె గయా" అన్నాను. "పాంచ్?" అన్నాడాయన, "నహీఁ, గ్యారహ్ సౌ" అని దక్షిణ ఖాయం చేసేశాడు. గోత్రం అడిగాడు, పళ్ళు టకటకలాడుతుంటే భారద్వాజ అన్నాను. ఆయన మంత్రం అందుకోగానే నా నోరు అలవాటుగా 'కృష్ణా గోదావర్యోః మధ్యప్రదేశే' అనేసింది. గంగలో పీకల్లోతున నిలబడి మా ఊరి అడ్రసు చెప్పాను. ఆ పుణ్యం ఏ నది ఖాతాలో పడిందో!

"ఏమండీ, ఇంకా రెండు మునకలున్నాయి!" అని మా ఆవిడ. తలెత్తి చూస్తే ఫోను నా వైపే పట్టుకుని ఉంది. ఫొటో కాదు, వీడియో కాల్. అవతల మా అమ్మాయి అత్తగారు, మామగారు. "వదినగారూ, అదిగో మీ అన్నయ్యగారు, కనిపిస్తున్నారా? చెయ్యి ఊపండీ!"

ఏ చెయ్యి?

పొడి టవలు ఉన్న సంచీ బావమరిది దగ్గర ఉంది. బావమరిది టీకి వెళ్ళాడు. పండాజీ జాలిపడి 'హరే రామ' అచ్చువేసిన కాషాయం శాలువా ఒకటి చాచాడు, 300 రూపాయలన్నాడు. ప్రాణం లేచొచ్చింది. అందుకోబోతుంటే మా ఆవిడ ఘాట్ అదిరేలా అరిచింది: "దేవుడి పేర్లు నడుముకి కడతారా! కళ్ళు పోతాయి!"

అలా ఇంకో పావుగంట నీళ్ళలోనే. పక్కన మునిగిన రాజస్థానీ ముసలాయన నన్ను చూసి, ఏదో దీక్షలో ఉన్నాననుకున్నాడేమో, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

చివరికి బావమరిది వచ్చాడు, మట్టికప్పు ఊదుకుంటూ. "ఇంకా స్నానం చేస్తున్నావా బావా? నీకింత భక్తుందని తెలీదు" అన్నాడు. ఎలా పైకొచ్చానో మాత్రం అడక్కండి.

వియ్యంకుడుగారు నిన్నటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశారు. ఇదిగో, ఇది రాస్తుంటే మళ్ళీ మోగుతోంది. మా ఆవిడ ఎత్తింది. "ఆ, ఇక్కడే ఉన్నారు అన్నయ్యగారూ, ఇస్తున్నా" అంటోంది. నేను బాత్రూంలో ఉన్నాను.