తొక్కలో ప్రదక్షిణ

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌ల మధ్య ఉన్న బోడెన్‌జే సరస్సు చుట్టూ నేనూ మా ఆవిడా సైకిళ్ళ మీద తిరిగొచ్చామని చెప్పగానే, స్టుట్‌గార్ట్‌లో మా పక్క వీధిలో ఉండే మిత్రుడు కాఫీ కప్పు కింద పెట్టాడు. "మొత్తం ఎంత తొక్కారు?" అన్నాడు. 81 కిలోమీటర్లు అన్నాను. సరస్సు చుట్టూ ఉన్న సైకిల్ దారి సుమారు 260. ఆయన తీసివేతలు బాగా వచ్చిన మనిషి. "తొక్కలో ప్రదక్షిణ" అని మళ్ళీ కప్పు అందుకున్నాడు.

ఈ వ్యాసం ఆ మాటకు ఖండన.

ముందు శాస్త్రం చూద్దాం. ప్రదక్షిణ అంటే దైవాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని తిరగడం. అందులో కిలోమీటర్ల ప్రస్తావన ఎక్కడా లేదు. బోడెన్‌జే దగ్గర కూడా చాలామంది గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే వెళ్తారు. అక్కడ బళ్ళన్నీ కుడివైపు నడుస్తాయి కాబట్టి, అలా వెళ్తే నీళ్ళకూ మనకూ మధ్య ఎదురొచ్చేవాళ్ళు ఉండరు. వాళ్ళు దాన్ని సౌకర్యం అనుకుంటున్నారు, పాపం. పైగా మా కుళాయిలో వచ్చేవి ఆ సరస్సు నీళ్ళే. జర్మనీలో సుమారు 40 లక్షల మంది తాగేది వాటినే. రోజూ తాగే నీళ్ళకు ఒకసారి వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తే, దానికీ మీటరు చూసేవాళ్ళను ఏమనాలి?

సరే, మీటరే చూద్దాం. కాన్‌స్టాంజ్‌లో బయల్దేరాం. 1414లో క్రైస్తవ మతపెద్దలు మహాసభ పెట్టి మూడున్నరేళ్ళు కూర్చున్న ఊరు అది. అప్పట్లో ఒకేసారి ముగ్గురు పోపులు ఉండేవారు. మన వంటింట్లో ఒక్క పోపుకే ఇల్లంతా తుమ్ములు, మూడంటే యూరప్ ఎంత ఉక్కిరిబిక్కిరైందో ఊహించుకోండి. ఒకాయన రాజీనామా ఇచ్చాడు, ఇద్దరిని దించేశారు, 1417లో కొత్తాయనను ఎన్నుకున్నారు. అంత చిక్కుముడి విప్పిన ఊళ్ళో మా ముడి ఏపాటిది? వాయవ్యంగా పాయలా సాగిన సరస్సు కొస దాకా వెళ్ళి చుట్టి రావాలా, ఎదురుగా ఆగి ఉన్న ఓడ ఎక్కాలా అన్నది మా వివాదం. అది పావుగంటలో తేలిపోయింది. అవతలి గట్టున మేర్స్‌బుర్గ్ చేరడానికి ఓడకు పట్టిన సమయం కూడా అదే.

ఇక సైకిళ్ళ సంగతి. వాటికి మోటారు ఉంది, ఒప్పుకుంటాను. అయితే పాదం కదిపితేనే అది కదులుతుంది, గంటకు 25 కిలోమీటర్లు దాటగానే సాయం మానేస్తుంది. చట్టం దాన్ని సైకిలే అంటోంది. చట్టం కన్నా మా మిత్రుడు పెద్దవాడా? సామాను మాత్రం మేం మోయలేదు. వ్యానులో హోటల్ నుంచి హోటల్‌కు అదే వెళ్ళింది. మా రెండు సూట్‌కేసులు ప్రతిచోటా మాకన్నా ముందే చేరి, రిసెప్షన్ పక్కన కూర్చుని మమ్మల్ని ఒకలాంటి చూపు చూసేవి.

ఫ్రీడ్రిష్‌హాఫెన్‌లో జెప్పెలిన్ మ్యూజియం చూశాం. జెప్పెలిన్ అంటే భారీ గాలి ఓడ. 1900 జూలై 2న మొదటిది ఈ సరస్సు మీదే ఎగిరింది. గాలిలో ఉన్నది సుమారు 18 నిమిషాలు. 18 నిమిషాలకు మ్యూజియం కట్టిన లోకం, మూడు రోజులు తొక్కిన మమ్మల్ని సాక్ష్యం అడుగుతోంది.

మధ్యాహ్నాలు రాడ్లర్ కోసం ఆగేవాళ్ళం. బీరు, నిమ్మ సోడా సగం సగం కలిపిన పానీయం అది. ఆ మాటకు అర్థం సైకిల్ తొక్కేవాడు అని. అంటే చెట్టు కింద కుర్చీలో కూర్చుని గ్లాసు చేతిలో ఉన్నంతసేపూ నేను వృత్తిధర్మం తప్పినట్టు కాదు. మా ఆవిడ ఆపిల్ రసం మాత్రమే తాగి నాకన్నా వేగంగా వెళ్ళిందంటే కారణం ఆమె బ్యాటరీ, అంతే.

లిండావ్ నుంచి ఆస్ట్రియాలోని బ్రెగెంజ్‌కు పది కిలోమీటర్లే. అక్కడా ఓడ ఎక్కాం. ఇదే మా మిత్రుడికి మింగుడు పడలేదు. కానీ ఆ నడిమి నీళ్ళు ఏ దేశానివో ఇంతవరకు ఒప్పందమే లేదు. సగానికి గీత గీయాలని స్విట్జర్లాండ్ అంటుంది, అందరికీ ఉమ్మడి అని ఆస్ట్రియా అంటుంది, జర్మనీ అటూ ఇటూ తేల్చదు. ఉమ్మడి ఆస్తిలో ఎవరు నడిచారో ఎవరు తొక్కారో సాక్ష్యం చెప్పడానికి ఏ కరణం వస్తాడు? రైన్ నదినే చూడండి. బ్రెగెంజ్ పక్కన సరస్సులో దిగి కాన్‌స్టాంజ్ దగ్గర బయటికొస్తుంది. చుట్టూ తిరగదు, అడ్డంగా పోతుంది. దాన్ని ఎవరైనా తొక్కలో నది అన్నారా?

స్విట్జర్లాండ్ వైపు వర్ణించడానికి ఏమీ మిగల్లేదు. రోర్‌షాఖ్ చేరేసరికి వాన, ఫోన్‌కు రోమింగ్ చార్జీల టెన్షన్, రెండు కాఫీల బిల్లు చూశాక ఇద్దరికీ మౌనం. సైకిళ్ళతో సహా రైలెక్కాం. కుడివైపు కిటికీ దగ్గరే కూర్చున్నామని, సరస్సును కుడిచేతి వైపు నుంచి ఒక్క క్షణం తప్పనివ్వలేదని ఇక్కడ ప్రత్యేకంగా నమోదు చేస్తున్నాను.

కాన్‌స్టాంజ్ స్టేషన్ పక్కనే రేవు. రేవు అంచున ఇంపీరియా విగ్రహం. 1993లో నిలబెట్టారు. 9 మీటర్ల ఎత్తున్న గణిక, రెండు అరచేతుల్లో ఇద్దరు బుల్లి మగాళ్ళు. ఒకడి తల మీద పోపు కిరీటం, ఇంకొకడి తల మీద చక్రవర్తి కిరీటం, ఒంటి మీద నూలుపోగు లేదు. ఆ మహాసభ పెద్దల మీద శిల్పి వేసిన వ్యంగ్యం. ఆమె నిలబడ్డ చోటే, పూజ చివర మనం చేసే ఆత్మప్రదక్షిణలాగా, నాలుగు నిమిషాలకోసారి చుట్టూ తిరుగుతుంది.

మా ఆవిడ సైకిల్‌కు స్టాండు వేసి, తడిసిన బూట్లు విప్పి, ఇంపీరియా తిరగడం మొదటి నుంచి చివరిదాకా చూసింది.

"నాలుగు నిమిషాల్లో అయ్యేదానికి నన్ను మూడు రోజులు తిప్పారండీ" అంది.