విజ్జీ లెక్క ఉంది, మావాడి లెక్కే లేదు

విజయనగరం వాళ్లం క్రికెట్ మాటొస్తే ముందు మహారాజ్‌కుమార్ విజ్జీ పేరే ఎత్తుతాం. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన ఇండియా టీమ్‌కి మన మహారాజ్‌కుమారే కెప్టెన్, లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా ఇంటికి పంపించేసిన టూర్ కూడా అదే. ఆయన ఆడింది 3 టెస్టులు, కొట్టింది 33 పరుగులు, సగటు 8.25. దాదాపు తొంభై ఏళ్ల కిందటి లెక్క, దశాంశాలతో సహా భద్రంగా ఉంది. యూనివర్సిటీ కుర్రాళ్లు జోన్ల వారీగా ఆడే కప్పుకి కూడా ఆయన పేరే పెట్టారు, విజ్జీ ట్రోఫీ అని.

మావాడి సంగతి వినండి. శ్రీకాకుళం పక్క పల్లెటూరు, లెఫ్టార్మ్ స్పిన్నర్, డిగ్రీలో నా రూమ్మేట్. అప్పట్లో మన కాలేజీలు ఆంధ్రా యూనివర్సిటీ కిందే కాబట్టి సెలక్షన్ అంటే తెల్లారగట్ల ప్యాసింజర్ ఎక్కి వైజాగ్ పోవడమే, ఇద్దరికీ కలిపి బూట్లు ఒకటే జత. ఆట మ్యాటింగ్ మీద. కొబ్బరిపీచు చాప పరిచి చుట్టూ మేకులు దిగ్గొట్టాలి, ఏ మూలైనా వదులైతే బంతి అక్కడ పడి ఎగురుతుంది, ఆ మూల ఏదో మావాడికి టాస్ కంటే ముందే తెలుసు, మేకులు కొట్టింది వాడే లెండి! అలా ఒక ఇంటర్ కాలేజ్ సెమీస్‌లో 7 వికెట్లు తీశాడు. యూనివర్సిటీకి ఆడాడు కానీ బయట టోర్నీలో ఒక్క మ్యాచ్ ఓడితే పెట్టె సర్దుకోవడమే, దాంతో డిగ్రీ అయిపోయింది, ఆటా అయిపోయింది.

మొన్న ఊరెళ్లినప్పుడు కాలేజీలో ఆ స్కోర్‌బుక్ అడిగాను. "చెదలు తినేశాయి బావూ" అన్నాడు అటెండరు.

ఊరికి దూరంగా ఇక్కడ నేను వీకెండ్ లీగ్‌లో పొట్టేసుకుని 22 బంతుల్లో 14 కొడితే బంతి బంతికీ యాప్‌లో ఎక్కుతుంది. సిగ్గేస్తుంది నిజంగా.

ఇక్కడి మన అసోసియేషన్ అక్కడ ఊళ్లో టోర్నమెంట్లకి కప్పులూ టీషర్టులూ పంపుతోంది, కప్పు మీద డోనర్ పేరుంటుంది, ఫైనల్లో ఎవడెన్ని కొట్టాడో అడగండి, ఒక్కరూ చెప్పలేరు. ఈసారి ఆ డబ్బుతో ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌లకి ఒక స్కోరర్‌ని పెట్టి రోజుకింత అని ఇద్దామని నా మాట. పుస్తకంలో రాయాలి, ఫోన్‌లోనూ ఎక్కించాలి. టాలెంటుంటే అదే పైకొస్తుందని మీటింగ్‌లో ఒకరన్నారు గానీ, సెలక్టర్ అడిగితే కుర్రాడు చూపించడానికి కాగితం ఉండొద్దా?

ఇది రాస్తూ మావాడికి ఫోన్ చేశాను. "ఏడేటిరా, ఆరే. ఆకరోడు రనౌటు" అన్నాడు. నేను స్లిప్‌లోనే ఉన్నాను, ఏడే.