నాయన కాలిక్యులేటర్‌లా టక్కుమనదేం?

మా నాయన ఇరిగేషన్‌లో పనిచేశారు. సోమశిల కాలువల లెవెల్స్ లెక్కలన్నీ ఒక ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్‌లోనే, అంటే లెక్క చేసే వరసను ముందే దాచిపెట్టుకోగలిగే దాంట్లోనే, వేసేవారు. ఆయన పోయాక అది నా దగ్గరికొచ్చింది. ఈమధ్య దాని తెర మసకబారింది. అదే మోడల్‌ను మళ్లీ తయారుచేసి అమ్ముతున్నారని తెలిసి సంబరపడిపోయాను. నెల్లూరికి తెప్పించుకున్నాను.

చూడ్డానికి అచ్చం అదే. లోపల కొత్త చిప్, పాత ప్రోగ్రామ్‌నే చాలా వేగంగా నడుపుతుంది. అది ఒప్పుకుంటాను. కానీ ఆ బటన్లేంటండీ! 7 నొక్కితే ఒకసారి పడదు, ఇంకోసారి రెండు పడతాయి. మొన్న ఆత్మకూరు దగ్గర పొలం కొలుస్తుంటే ఒక అంకె ఎగిరిపోయింది, మధ్యాహ్నమంతా ఎండలో మళ్లీ మొదటి నుంచీ కొలిచాం. మామూలు కాలిక్యులేటర్ అయితే కాస్త నయం. దీనికి ఈక్వల్ టు ఉండదు. 2 కొట్టి ఎంటర్, 3 కొట్టి ప్లస్, అంతే 5. మధ్యలో వచ్చిన జవాబులు లోపలే ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది. తప్పు అంకె ఒకటి అందులో చేరితే చివరిదాకా తెలియదు. వేలిని నమ్మి వాడే వస్తువుకి బటనే ప్రాణం కదా!

ఈ రకం పాత కాలిక్యులేటర్లలో ఒకటి హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ హెచ్‌పీ-65, ప్రోగ్రాములు దాచుకునే మాగ్నెటిక్ కార్డులతో 1974లో వచ్చింది. ఆ తరం యంత్రాల్లో అంకెలు పైన అచ్చు వేసేవాళ్లు కాదు, బటన్ ప్లాస్టిక్‌లోనే పోతపోసేవాళ్లు. ఎంత వాడినా చెరిగేవి కావు. తెర మసకైనా నాయనది ఇప్పటికీ టక్కుమంటుంది. అంత డబ్బు తీసుకుని ఆ ఒక్క టక్కు ఎందుకివ్వలేకపోయారు?