గ్యాసాద్వైతం

ఏప్రిల్ వచ్చిందంటే శ్రీకాకుళంలో రెండు కేకలు వినిపిస్తాయి. ఒకటి "తాటి ముంజలో". రెండోది "గేసు అయిపోనాది బావూ". మొదటిదాంట్లో అబద్ధం లేదు.

మీది పాత మారుతీ కావచ్చు, ఇండికా కావచ్చు, శాంత్రో కావచ్చు. పదిహేనేళ్లు నిండి, ఆర్టీవో ఆఫీసులో మరో అయిదేళ్లకు ఆయుర్దాయం పొడిగించుకున్న బండి కావచ్చు. తీసుకెళ్లి ఏసీ షాపు ముందు ఆపండి. బానెట్ ఎత్తరు. తాళం అడగరు. టైర్ల వంక ఓసారి చూసి రోగం చెప్పేస్తారు. చల్లదనం తగ్గిందా? గ్యాసు అయిపోయింది. హైవే మీద చల్లగా ఉండి, ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆగగానే వేడి గాలి కొడుతోందా? గ్యాసు అయిపోయింది. బ్లోవరు నాలుగో నంబరులో తప్ప తిరగనంటోందా? గ్యాసు. ముందు సీట్లో కూర్చున్న మామగారి కాళ్ల మీద నీళ్లు కారుతున్నాయా? గ్యాసే నీరైపోతోంది, వెంటనే పట్టించాలి.

శంకరులు బ్రహ్మమొక్కటే సత్యమన్నారు. మావాళ్లకు గ్యాసొక్కటే సత్యం. జంక్షన్‌లో తిరగనని మొరాయించిన కండెన్సరు ఫ్యాను మిథ్య. బ్లోవరు వేగం తగ్గించాల్సింది పోయి తానే కాలిపోయిన రెసిస్టరు మిథ్య. మట్టి పట్టి పూడుకుపోయి, నీళ్లను మామగారి మీదికి మళ్లించిన డ్రెయిన్ పైపు మిథ్య. రిలే, ఫ్యూజు, బెల్టు అంతా మాయ. ఈ దర్శనంలో మోక్షానికి మార్గం కూడా ఒకటే. నీలం గొట్టం తగిలించడం, సిలిండరు తిప్పడం, డబ్బులు తీసుకోవడం.

దీనికి పూర్వపక్షం ఒకటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. కారు ఏసీ మూసి ఉన్న చక్రం. కంప్రెసరు గ్యాసును అదుముతుంది. రేడియేటరు ముందుండే కండెన్సరులో అది వేడిని బయటికి విడిచి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు సందులోంచి దూరి, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్లో ఆవిరై, లోపలి వేడిని లాక్కుని మళ్లీ కంప్రెసరుకే చేరుతుంది. పెట్రోలులా మండి అయిపోయే సరుకు కాదది. ఇంట్లో ఫ్రిజ్‌కి ఏటా ఉగాదికి గ్యాసు పట్టిస్తున్నామా? రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల మీద కొన్ని గ్రాములు జారుకుంటాయి, ఒప్పుకుంటాను. కానీ పోయిన వేసవిలో పట్టిన గ్యాసు ఈ వేసవికి మొత్తం మాయమైందంటే ఎక్కడో చిల్లుంది. చిల్లు వెతకాలి. వెతికితే వచ్చే ఏడాది బేరం పోతుంది.

ఎంత పట్టాలో బానెట్ కింది స్టిక్కరు మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. తూకం మాత్రం షాపులో ఉండదు. నీలం గేజి అద్దం పగిలి, ముల్లు వంగి, ఎప్పుడూ ఒకే ప్రెషరు చూపిస్తూ ఉంటుంది. ఎర్ర గేజి అందానికి. పట్టే ముందు ఓ అరగంట వాక్యూమ్ తీసి లోపలి తేమను లాగేయాలి, లేకపోతే తేమ నూనెతో కలిసి ఆమ్లమై లోపలి లోహాన్ని తింటుంది. వాక్యూమ్ పంపు షాపులో ఉంది. దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటారు.

ఇక పరీక్షా విధానం. మధ్య గ్రిల్లులో థర్మామీటరు పెడితే మంచి ఏసీ పది డిగ్రీల దరిదాపుల్లో చూపిస్తుంది. కానీ థర్మామీటరు ఈ వృత్తికి అపశకునం. మనిషికి దేవుడు చెయ్యి ఎందుకిచ్చాడు?

"సెయ్యెట్టి సూడండి బావూ. సల్లగా లేదేటి?"

మీరు చెయ్యి పెడతారు. గోరువెచ్చగా ఉంటుంది. ఆ మాట అనగానే అప్పీలు మొదలవుతుంది. పక్క పంక్చర్ షాపాయన్ని పిలుస్తారు. ఆయన అప్పటిదాకా నీళ్ల తొట్టెలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్న మనిషి. తడి చెయ్యి తుడుచుకోకుండానే గ్రిల్లు దగ్గర పెట్టి "ఓలమ్మో, కొంకర్లు పోతందిరా బాబూ" అంటాడు. తడి చేతికి ఏ గాలి తగిలినా చల్లగానే ఉంటుందన్న భౌతికశాస్త్రం ఆ సభలో చెల్లదు. తరవాత టీ కుర్రాడు. మరుగుతున్న కెటిలు దింపి వచ్చిన చెయ్యి వాడిది. వాడి సాక్ష్యం: "మంచు". అరసవల్లి దర్శనానికి నడిచి వెళ్తున్న రిటైర్డు మాస్టారిని ఆపుతారు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, "అంటే... మన ఊరికి పరవాలేదు" అని తటస్థంగా ఉండిపోతారు. ఈలోగా ఆటో అతను, వాళ్లావిడ, వాళ్లావిడ చంకలో పిల్లాడు. పిల్లాడి చేతిని కూడా గ్రిల్లులో దూర్చారు. వాడు ఏడ్చాడు. "సూసారా, సలికి" అన్నాడు మెకానిక్. ఓట్ల లెక్కింపు పూర్తయింది. మైనారిటీగా మిగిలింది కారు యజమాని ఒక్కడే. బిల్లు మాత్రం మైనారిటీ పక్షమే కట్టాలి.

ఇదంతా పొద్దున్న ఏడింటికి, వేపచెట్టు నీడలో. మధ్యాహ్నం ఒంటిగంటకు చెమటలు కక్కుతూ మళ్లీ వెళ్తే చివరి సమాధానం వస్తుంది. "ఎండెక్కువుంది బావూ. ఏసీ ఏటి సేత్తది?"

అంటే నేరం అరసవల్లి సూర్యనారాయణ స్వామిది. మార్చిలోనూ అక్టోబరులోనూ ఆయన కిరణాలు గర్భగుడిలో మూలవిరాట్టు పాదాలను తాకుతాయని తెల్లారకుండానే వెళ్లి బారులు తీరతాం. మిగతా రోజుల్లో అవే కిరణాలు మన డ్యాష్‌బోర్డును తాకుతున్నాయని కేసు పెడుతున్నాం. ఎండ ఉందనే కదా నాయనా ఏసీ పెట్టించుకుంది!

హీటరు సంగతి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, ఎందుకంటే హీటరే మిగల్లేదు. కొంచెం నీళ్లు కారగానే "మనకెందుకు బావూ హీటరు" అని రెండు గొట్టాలూ కోసి ఒకదానికొకటి కలిపేశారు. పనిలో పనిగా ఇంజిను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాటు కూడా పీకేశారు, ఇంజిను చల్లగా ఉంటుందట. చల్లగా ఉన్న ఇంజిను ఎక్కువ పెట్రోలు తాగుతుంది, తొందరగా అరుగుతుంది. అది వేరే షాపు బేరం. కొన్ని బళ్లలో దీనికి ఉల్టా. హీటరు వాల్వు కేబులు పట్టేసి, ఇంజినులోని వేడినీళ్లు నడివేసవిలో కూడా లోపలి కాయిల్లోకి వస్తూనే ఉంటాయి. ఒక పక్క ఏసీ చల్లబరుస్తుంది, ఇంకో పక్క హీటరు వేడి చేస్తుంది. హీటరు గొట్టాన్ని నొక్కిపెట్టి రెండు నిమిషాలు చూస్తే దొంగ దొరుకుతాడు. నొక్కరు. గ్యాసు పడతారు. రెండు కార్లను గొలుసులతో కట్టించుకుని కదలకుండా ఆపేవాడని చెప్పుకునే మల్లయోధుడు కోడి రామమూర్తి పేరు మన స్టేడియానికి పెట్టుకున్నాం. ఇలా లెక్కకు మించి గ్యాసు కుక్కిన చిన్న బండిలో ఏసీ వేసి సింహాచలం కొండెక్కండి, ఆ బరువుకి బండి అదే ఆగుతుంది, గొలుసులు కూడా అక్కర్లేదు.

ఇంతవరకు నవ్వుకుందాం. మా వీధిలో ఓ కుర్రాడు పాత ఇండికా బాడుగకు తిప్పుతాడు. కవిటి, సోంపేట వైపు నుంచి కిడ్నీ రోగుల్ని విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్తుంటాడు. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి తెరిచినా ఆ దారి పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. డయాలిసిస్ మీదున్న మనిషికి నీళ్లు కొలిచి ఇస్తారు. మే నెలలో నాలుక పిడచగట్టినా గుక్కెడు మించి తాగకూడదు. అలాంటి మనిషి వెనక సీట్లో పడుకుని వెళ్తుంటే గ్రిల్లులోంచి వేడి గాలి! ఈ కుర్రాడు ఏసీకి డబ్బు పెట్టలేదా? వేసవి వేసవికీ పెట్టాడు. ప్రతిసారీ గ్యాసు పట్టారు, చిల్లు అలాగే ఉంచారు. చిల్లులోంచి గ్యాసొక్కటే పోదు, దానితో తిరిగే నూనె కూడా పోతుంది. ఆ నూనె లేకపోతే కంప్రెసరు బతకదు. గ్యాసు పట్టినవాడు నూనె పోశాడా? పోయలేదు. మొన్న కంప్రెసరు పట్టేసింది. దాని ఖరీదు విని వాడు ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. వాడి ముఖం చూసి కూడా "గేసు లేక సీజయిపోనాది, టయానికి పట్టించుకోవాల" అన్నాడా పెద్దమనిషి. సిగ్గుండాలి.

ఇంకోటి. కొత్తది పట్టే ముందు పాత గ్యాసును యంత్రంతో లాగి దాచాలి. వీళ్లు పిన్ను నొక్కి ఫుస్సుమని గాలిలోకి వదిలేస్తారు. ఈ బళ్లలో ఉండేది ఆర్-134ఎ. అది ఒక్క కిలో వదిలితే, వందేళ్ల లెక్కలో 1430 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసినంత వేడి చేస్తుంది. ఎండెక్కువుందని స్వామి మీద నింద వేసేది ఎవరయ్యా, వేడిని వీధిలోకి వదిలేది ఎవరు?

చిల్లు కనిపెట్టడానికి అమెరికా వెళ్లక్కర్లేదు. గ్యాసు కారే చోట నూనె కూడా చెమ్మగిల్లుతుంది, ఆ నూనెకు దుమ్ము పట్టి నల్లగా కనపడుతుంది. గొట్టాల అతుకులు, కంప్రెసరు ముందు భాగం, రాళ్లు తగిలే కండెన్సరు, గ్యాసు పట్టే వాల్వు మూత, ముందు ఇవి చూడాలి. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ రాస్తే బుడగలు వస్తాయి. డ్యాష్‌బోర్డు వెనక కాయిలైతే కష్టమే, విప్పాలి. మిగతా చోట్లకి నురగ చాలు. పక్క షాపాయన పొద్దస్తమానం బుడగలే కదా చూస్తున్నాడు, చెయ్యి తుడుచుకోమని చెప్పి ఆయన్నే పిలవండి.

సబ్బు నేను కొనిస్తాను.