నేను నొక్కబోయింది పది!

మహారాజశ్రీ ఫీడ్‌బ్యాక్ కాల్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇక్కడ కుశలం కాదు. ఫ్రిజ్ ఇంకా చల్లబడలేదు. దోశెల పిండి పొంగి, గిన్నె దాటి, కింద కూరగాయల ట్రేలో ముద్ద కట్టింది. ఆ టైంలో తమరు ఫోన్ చేసి "మా సేవల పట్ల మీరు ఎంత మేరకు సంతృప్తి చెంది ఉన్నారు?" అన్నారు. ఆ తెలుగు ఎవరింట్లో మాట్లాడతారో!

మొన్న రిపేరుకి వచ్చిన కుర్రాడు మంచివాడు. గ్యాస్ లీకైంది, పార్ట్ రావాలి అన్నాడు. వెళ్తూ ఓటీపీ అడిగాడు. "కంప్లైంట్ క్లోజ్ చెయ్యకపోతే నా పేరు మీద పెండింగ్ చూపిస్తుంది సార్. పార్ట్ రాగానే మళ్ళీ ఓపెన్ చేద్దాం. ఫోన్ వస్తే పదికి పది ఇవ్వండి. తొమ్మిదిచ్చినా మేనేజర్ అడుగుతాడు."

నాకు నూటికి 60 వస్తే ఫస్ట్ క్లాసని మా నాన్న వీధంతా స్వీట్లు పంచాడు. తమరి లెక్క వేరు. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే అమెరికా పెద్దమనిషి చెప్పిన సూత్రం ప్రకారం 9, 10 ఇచ్చినవాళ్ళే ఆప్తులు. 7, 8 ఎటూ కాదు. 6 ఇచ్చినవాణ్ణీ సున్నా ఇచ్చినవాణ్ణీ ఒకే గాటన కట్టేస్తారు. ఆయన మార్కులు వెయ్యమన్నది కంపెనీకి. తమరు ఆ పలకని తీసుకెళ్ళి కుర్రాడి మెడకు తగిలించారు.

సరే, పదే ఇద్దామనుకున్నా. "1, తర్వాత 0, తర్వాత హ్యాష్ నొక్కండి" అన్నారు. చెవి దగ్గరుంటే స్క్రీన్ ఆరిపోతుందాయె. ఫోన్ కిందికి దించి, అది వెలిగేదాకా ఆగి, కీప్యాడ్ తెరిచి, కళ్ళజోడు సర్దుకుని 1 నొక్కాను. సున్నా మీదికి వేలు వెళ్ళేలోపే, "మీరు ఒకటి ఎంచుకున్నారు. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు." కట్.

తిరిగి చేస్తే ఆ నంబరుకు ఇన్‌కమింగ్ లేదు. మెసేజ్‌లో వచ్చిన లింకు తెరిచి జరిగిందంతా తెలుగులో రాస్తే, ప్రత్యేక అక్షరాలు వాడకూడదని ఎర్రగా చూపించింది. అఆలు ప్రత్యేక అక్షరాలా?

ఏమయ్యా, నిన్ను జనం మీదికి వదిలేముందు ఎవరూ పరీక్షించలేదా? ఒక అంకెకీ ఇంకో అంకెకీ మధ్య ఎన్ని సెకన్లు ఆగాలో మీవాళ్ళు పెట్టుకునే సెట్టింగే కదా! అరవై దాటిన ఒక్క మనిషికి ఫోనిచ్చి పక్కన నిలబడి చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసేది. ఒకటీ పదీ రెండూ ఒకటితోనే మొదలవుతాయని తట్టలేదా? అయిదుకే మార్కులు పెట్టి ఉంటే ఒక్క నొక్కుతో పోయేది. పోనీ, "ఒకటేనా?" అని ఇంకోసారి అడిగితే నీ సొమ్మేం పోయింది? ఫ్రిజ్ పనిచేస్తోందా అని మాత్రం నీ ప్రశ్నల్లో ఎక్కడా లేదు.

సాయంత్రం ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. గొంతులో కోపం కూడా లేదు. "సార్, నావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?"

"పదే నొక్కబోయానయ్యా" అన్నాను.

"పర్లేదు సార్. అందరూ అదే అంటారు."

ఇట్లు,
తమరి రికార్డుల్లో సమస్య తీరిపోయిన కస్టమర్